ఆవంలో కాల్చిన పాదాలు

అనగా అనగా గోదారి పాయ ఒడ్డున ఒక ఊరుండేదట. ఆ ఊరి కొసని నాలుగు కుమ్మరిళ్ళు. పొద్దున్నే అటుగా పోతే తడిమట్టి వాసన, సారె తిరిగే చప్పుడు, పచ్చి కుండల మీద సలప అనే చెక్కతో కొట్టే దెబ్బలు టప్ టప్ టప్. ఇప్పుడా వాసన ఎక్కడ దొరుకుతుంది? ప్లాస్టిక్ బిందెలకి వాసనా లేదు, వాటిల్లో నీళ్ళకి రుచీ లేదు. సరే, నా గోలకేంగానీ, కాళ్ళు బారజాపుకుని పడుకో. మధ్యమధ్యలో ఊఁ కొట్టు. ఊఁ కొట్టకపోతే కథ అలిగి కూర్చుంటుంది.

ఆ నాలుగిళ్ళల్లో ఒకింట్లో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. మనిషి పొట్టి, నోరు పొడుగు. మొగుడు పేరయ్య సారె మీద కుండలు చేస్తే, మట్టి తొక్కేది మాత్రం అచ్చియ్యమ్మే.

మట్టి తొక్కడమంటే నువ్వు వానలో బురద తొక్కినట్టు కాదు తల్లీ. చెరువు మట్టి తెచ్చి, నానబెట్టి, కాస్త ఇసక కలిపి, చాపంత వెడల్పున పరుస్తారు. అప్పుడు అచ్చియ్యమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని, మధ్యలోంచి అంచుకీ, అంచులోంచి మధ్యకీ గుండ్రంగా తిరుగుతూ తొక్కేది. అరికాలికి ఆవగింజంత రాయి తగిలినా టక్కున ఆగిపోయేది. బొటనవేలితో దాన్ని తవ్వి, తీసి, అవతల పారేసేది. ఆ రాయి ఉండిపోతే ఆవంలో కుండ పగిలిపోతుంది మరి. ఆవమంటే కుండలు కాల్చే బట్టీ. అచ్చియ్యమ్మ తొక్కిన మట్టితో చేసిన కుండ ఆవంలో పగిలిందని ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. పెళ్ళికి అరివేణి కుండలని పెడతారు చూడు, సున్నంతో, కావితో, పసుపుతో ముగ్గులేసిన కుండలు. వాటిని కుమ్మరింటి నుంచి పెళ్ళింటికి ఆ కుమ్మరింటి పెద్దావిడే నెత్తిన పెట్టుకుని నడిచి తీసుకెళ్ళాలి. ముందు మేళం, వెనక ముత్తయిదువలు, మధ్యలో ఆవిడ. ఆ ఒక్క రోజూ కుమ్మరావిడే ఊరికి మహారాణి. అచ్చియ్యమ్మ నెత్తిన కుండ మీద కుండ నిలబెట్టి, చెయ్యి కూడా ఆనించకుండా నడిచేదట. మేళం వాళ్ళు వాయించడం మానేసి చూసేవాళ్ళట.

ఇక సుభద్ర సంగతి చెప్పాలి. సుభద్ర ఆ ఊరి మునసబుగారి అమ్మాయి. పుట్టినప్పుడు వాళ్ళమ్మకి జ్వరం కమ్మి పాలు రాలేదు. అప్పుడు అచ్చియ్యమ్మ తన చిన్నకొడుకుతో పాటు ఆ పిల్లకీ పాలిచ్చింది. అందుకని సుభద్ర ఆవిణ్ణి "పాలమ్మా" అని పిలిచేది. నడక వచ్చిందగ్గర్నుంచీ ఆ పిల్ల అచ్చియ్యమ్మ మట్టిలోనే పెరిగింది. చిన్న చిన్న పిడతలు చేసుకుని, "పాలమ్మా, నా పెళ్ళికి కుండలు నువ్వే తేవాలి, ఇంకెవరు తెచ్చినా నేను పీటల మీద కూర్చోను" అనేది.

"ముందు ముక్కు తుడుచుకోవే. పెళ్ళంట పెళ్ళి!" అనేది అచ్చియ్యమ్మ. కానీ మాటైతే ఇచ్చింది.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. సుభద్ర పెద్దదయ్యింది. సంబంధం కుదిరింది. ముహూర్తం పెట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే, ఊఁ కొట్టు, సరిగ్గా అప్పుడే అచ్చియ్యమ్మకి మడమ నొప్పి పట్టుకుంది.

ఎలాంటి నొప్పనుకున్నావు? పొద్దున్నే మంచం దిగి కాలు కింద పెట్టేసరికి, ఎవరో మడమలో మేకు దిగ్గొట్టినట్టు ఉండేది. నాలుగడుగులేస్తే కాస్త సర్దుకునేది. కాసేపు కూర్చుని లేస్తే మళ్ళీ మొదలు. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెబితే అచ్చియ్యమ్మ ఎలా అవుతుంది? మడమ ఆనించకుండా, పాదం పక్కవాటుగా పెట్టి, కొంగ నడిచినట్టు నడవడం మొదలెట్టింది.

ఆ ఇంట్లో నూకరత్నం అని ఒక కోడలుంది, పెద్దకొడుకు పెళ్ళాం. కొత్త కోడలేం కాదు, వచ్చి ఏళ్ళయ్యింది. అయినా అచ్చియ్యమ్మ దృష్టిలో ఇంకా కొత్తదే. ఆ పిల్లకి నోరు తక్కువ, కళ్ళెక్కువ. అత్త నడక చూసి ఓ రోజు మెల్లిగా అంది, "అత్తా, కాలు నొప్పా? ఇవాళ మట్టి నేను తొక్కుతాను."

"నువ్వు తొక్కితే అది కుండ కాదే, జల్లెడవుతుంది. వెళ్ళి పొయ్యి చూసుకో," అంది అచ్చియ్యమ్మ.

అప్పుడేమయ్యింది? పక్కవాటుగా తొక్కే కాలికి రాళ్ళెలా తెలుస్తాయి? తెలియలేదు. ఆ వారం ఆవం విప్పితే కుండలు నెర్రెలిచ్చి ఉన్నాయి. పేరయ్య ఒక్కో కుండా తీసి, వేలితో కొట్టి, పక్కన పెట్టాడు. పగిలిన కుండ చప్పుడు ఎలా ఉంటుందో తెలుసా? మంచి కుండ ఖంగుమంటుంది. పగిలింది దగ్గు వచ్చిన ముసలాడిలా అంటుంది. ఆ ముసలి దగ్గులు వింటూ అచ్చియ్యమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.  ఆవిడ నోట మాట లేకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు. పేరయ్యకి భయమేసింది.

"ఏమే, తిట్టవేంటి?" అన్నాడు.

"ఎవర్ని తిట్టను? నా కాలుని తిట్టుకోనా?" అంది ఆవిడ. అప్పుడు బయటపడింది సంగతి.

ఇక చూడు, ఊళ్ళో తలా ఒక వైద్యుడే. ముందు పక్కింటి ముసలమ్మ వచ్చింది. "జిల్లేడాకు, వేడి ఇటిక" అంది. సరేనని ఇటిక కాల్చి, దానిమీద జిల్లేడాకులు పరిచి, వాటిమీద మడమ ఒత్తింది అచ్చియ్యమ్మ. ఒత్తినంతసేపూ హాయిగా ఉంది. సాయంత్రానికి హాయి పోయింది, నొప్పి ఉంది, దానికి తోడు మడమ మీద బొబ్బ.

ఆ తర్వాత పేరయ్య సంతకెళ్ళి, మెత్తటి స్పాంజి జోళ్ళు తెచ్చాడు. ఎంత మెత్తనంటే, వేసుకుంటే పాదం పరుపులో కూరుకున్నట్టుండేది. అచ్చియ్యమ్మ జన్మలో జోళ్ళు వేసుకోలేదు. కుమ్మరాడవాళ్ళెవరూ వేసుకునేవాళ్ళు కాదు. మట్టే మనకి అన్నం పెడుతుంటే దానిమీద జోళ్ళేంటని వాళ్ళ పట్టుదల. అయినా నొప్పి తిప్పలు పెడుతుంటే వేసుకుంది. మెత్తగానే ఉంది గానీ, అడుగేస్తే కాలు లోపలికి ఒరిగిపోతోంది. మూడో రోజుకి మడమ నొప్పి మోకాలికెక్కింది.

"నీ సంత జోళ్ళు నువ్వే కట్టుకుని ఊరేగు!" అని వాటిని మొగుడి ముందు విసిరేసింది.

అప్పుడు నూకరత్నం అంది. "పట్నం ఆసుపత్రిలో పాదాల డాక్టరమ్మ ఉందంట అత్తా. పోలియో పిల్లలకి బూట్లు చేయిస్తుందంట. వెళ్దామా?"

"పాదాలకో డాక్టరు, చేతులకో డాక్టరు, ముక్కుకో డాక్టరు! రేపు బొడ్డుక్కూడా ఒకరు పుడతారు!" అంది అచ్చియ్యమ్మ. అన్నదే గానీ, పెట్టెలోంచి ఉతికిన చీర తీసింది. ఎందుకో తెలుసుగా? పెళ్ళి దగ్గరపడుతోంది. మునసబుగారింట్లో పందిరికి తాటాకులు దిగుతున్నాయి.

డాక్టరమ్మ చిన్న వయసుదే, బక్కపల్చటి మనిషి. మందులు రాసి పంపించెయ్యలేదు. వసారా ఈ చివర్నుంచి ఆ చివరికి నడవమంది. మళ్ళీ వెనక్కి నడవమంది. తన పాటికి తను నేలమీద గొంతుక్కూర్చుని, అచ్చియ్యమ్మ మడమల వంకే చూసింది. ఆ తర్వాత పాదాలు తడిపి గచ్చు మీద అడుగు వెయ్యమంది. వేసింది. డాక్టరమ్మ నూకరత్నాన్ని కూడా తడి అడుగు వెయ్యమంది.

"చూడండమ్మా. మీ కోడలి అడుగులో మధ్యన నడుం సన్నంగా ఉంది. అక్కడ పాదం నేలకి తగల్లేదు. మీ అడుగు చూడండి, అట్టులా ఉంది. అంటే మీ అరికాలి ఒంపు కూలిపోయింది."

"కూలిపోవడానికి అదేమన్నా వంతెనా?" అంది అచ్చియ్యమ్మ.

"అచ్చం వంతెనే," అంది డాక్టరమ్మ నవ్వి. "మడమ నుంచి వేళ్ళ దాకా అడుగున ఒక గట్టి పట్టీ ఉంటుంది. ఆ వంతెనని అదే కట్టి పట్టుకునేది. రోజంతా మీరు తొక్కితే అది సాగి సాగి, మడమ దగ్గర కొంచెం కొంచెం చిరుగుతుంది. మీరు పడుకున్నప్పుడు ముడుచుకుంటుంది. పొద్దున్నే కాలు కింద పెడితే ఒక్కసారిగా సాగుతుంది. అందుకే ఆ మేకు పోటు."

అచ్చియ్యమ్మకి కోపం తగ్గింది. ఇన్నాళ్ళకి తన నొప్పిని తనకన్నా బాగా చెప్పిన మనిషి దొరికింది.

అప్పుడు డాక్టరమ్మ మూడు పనులు చెప్పింది. మంచం దిగేముందే తువ్వాలు పాదానికి మెలేసి వేళ్ళు తన వైపుకి లాక్కోవాలి. గోడకి చేతులానించి, ఒక కాలు వెనక్కి చాపి, మడమ నేలకి ఆనించి పిక్క సాగదియ్యాలి. మూడోది, పాదం ఒంపుకి ఊతంగా జోళ్ళల్లో పెట్టుకునే అట్టలు చేయించుకోవాలి. ఆవిడ పాదానికి సరిగ్గా అచ్చు తీసి, ఆ అచ్చుని బట్టి తోలుతో, గట్టి రబ్బరుతో చేస్తారు. అంగట్లో దొరికే మెత్తటి జోళ్ళు దానికి పనికిరావు.

"ఇంకోటి. నొప్పి తగ్గేదాకా మట్టి తొక్కకూడదు. మీ కోడలు తొక్కాలి."

అచ్చియ్యమ్మ మొహం మాడ్చుకుంది. కానీ నూకరత్నం వంక చూడలేదు.

అట్టలు చేసేది జకరయ్య అని ఒక పెద్దాయన. పక్కగదిలో బూట్లు కుట్టుకుంటున్నాడు. "అచ్చు తియ్యడానికి ప్లాస్టరు పట్టీలు అయిపోయాయమ్మా, సరుకు వచ్చేదాకా ఆగాలి," అన్నాడు.

"ఆగడమా? అవతల పెళ్ళి పెట్టుకుని!" అంది అచ్చియ్యమ్మ. "అచ్చు కోసం నీ ప్లాస్టరేంటయ్యా? నేను కుమ్మరిదాన్ని. నా పాదం అచ్చు నేను తియ్యలేనా? మంచి మట్టిలో తీసి తెస్తాను, చూద్దువుగాని."

డాక్టరమ్మ జకరయ్య వంక చూసింది. జకరయ్య భుజాలెగరేశాడు. "తెండి," అంది డాక్టరమ్మ. "కానీ నిలబడి తొక్కకండి. పీట మీద కూర్చుని, మీ కోడలు పాదం పట్టుకుని మెల్లిగా మట్టిలోకి నొక్కాలి. అప్పుడే ఒంపు తెలుస్తుంది."

ఇంటికొచ్చాక అలాగే చేశారు. పీట వేసుకుని అచ్చియ్యమ్మ కూర్చుంది. నూకరత్నం అత్త పాదాలు ఒక్కొక్కటే రెండు చేతుల్తో పట్టుకుని, వెన్నలాంటి మట్టిలోకి నొక్కింది. ఆ పిల్ల ఆ ఇంటికొచ్చాక అత్త పాదం అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. పగుళ్ళు, కాయలు, బొటనవేలి గోరు అరిగిపోయి గుండ్రంగా. 

అచ్చు అద్భుతంగా వచ్చింది. అయిదు వేళ్ళు, మడమ గుంట, గీతలతో సహా. ఇప్పుడిక దాన్ని పట్నం పంపాలి. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ కుమ్మరిళ్ళల్లో ఒక కట్టుబాటుంది. కాలని మట్టి గడప దాటకూడదు. పచ్చి పిడతైనా సరే, బయటికి పోతే ఆ ఏడు ఆవం నిలవదని వాళ్ళ భయం. అచ్చియ్యమ్మ అత్తగారు ఆ మాట చెప్పింది, ఆవిడకి వాళ్ళత్తగారు చెప్పింది. మరి ఏం చెయ్యాలి? అచ్చియ్యమ్మకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. ఆరబెట్టింది. ఆవంలో పెట్టింది. కాల్చింది.

ఎర్రగా, నిగనిగలాడుతూ రెండు పాదాల అచ్చులు బయటికొచ్చాయి. వేలితో కొడితే ఖంగుమన్నాయి. ఇరుగుపొరుగు వచ్చి చూశారు. "దేవుడి పాదాల్లా ఉన్నాయే!" అంది పక్కింటి ముసలమ్మ. అచ్చియ్యమ్మ మురిసిపోయి, గుడ్డలో చుట్టి పేరయ్య చేత పట్నం పంపింది.

ఆ తర్వాత అట్టలొచ్చాయి, వాటికి తగ్గ తోలు జోళ్ళతో సహా. అచ్చియ్యమ్మ తొడుక్కుంది. లేచి నిలబడింది. రెండడుగులేసింది. "అమ్మో!" అంది. ఒంపు కింద ఉండాల్సిన గుబ్బ ఎక్కడో మడమ పక్కన గుచ్చుకుంటోంది. వేళ్ళు అట్ట అంచు దాటి వేలాడుతున్నాయి. అలవాటవుతుందిలే అని ఓర్చుకుంది. ఓర్చుకున్నకొద్దీ నొప్పి పెరిగింది. ఇంకోపక్క సుభద్ర పెళ్ళి శుభలేఖలు పంచేశారు.

అప్పుడు చూడాలి అచ్చియ్యమ్మ కోపం! నూకరత్నాన్ని వెంటబెట్టుకుని పట్నం పోయి, వసారాలో నిలబడే మొదలెట్టింది.

"ఎక్కడయ్యా ఆ జకరయ్య? కళ్ళజోడు పెట్టుకుని చేశావా, తీసేసి చేశావా? ఇది నా పాదానికి చేశావా, చంటిపిల్ల పాదానికా? దేవతలాంటి అచ్చు పంపితే దెయ్యంలాంటి అట్ట చేసి పంపుతావా!"

రోగులందరూ తమ తమ రోగాలు మర్చిపోయి చూస్తున్నారు. డాక్టరమ్మ బయటికొచ్చింది.  లోపలికి వెళ్ళి ఆ ఎర్ర పాదాల అచ్చు తెచ్చి గచ్చు మీద పెట్టింది.

"ఇందులో కాలు పెట్టండమ్మా," అంది.

అచ్చియ్యమ్మ పెట్టింది. మడమ గుంటలో దిగింది, వేళ్ళేమో అచ్చు గట్టెక్కి కూర్చున్నాయి. వేలెడంత తేడా. ఇంకోసారి పెట్టింది. అంతే. "ఇది నాది కాదు! మార్చేశారు!" అంది.

"మీదే. చూడండి, బొటనవేలి గోరు. ఇలాంటిది ఇంకెవరికుంటుంది?" అంది డాక్టరమ్మ. "నాకూ అర్థం కావట్లేదు. అచ్చు తీసేటప్పుడు మీ పాదం ఇందులో పట్టిందా?"

"పట్టకుండా ఎలా తీస్తాం?"

"మరి తర్వాత ఏం చేశారు దీన్ని?"

"ఏం చేస్తాం? ఆరబెట్టి, ఆవంలో పెట్టి..." అని, అక్కడ ఆగిపోయింది అచ్చియ్యమ్మ.

ఎందుకాగిందో తెలుసా? మట్టి ఆరితే కుంచించుకుపోతుంది. కాలిస్తే ఇంకా కుంచించుకుపోతుంది. తవ్వెడు గింజలు పట్టే పిడత కావాలంటే తవ్వెడు కన్నా పెద్దగా చెయ్యాలి. ఆ సంగతి కుమ్మరింట్లో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. "వేలెడు పెద్దది చెయ్యవే, ఆవం తన వాటా తినేస్తుంది" అని రోజూ కోడలి మీద అరిచేది అచ్చియ్యమ్మే. కుండ విషయంలో ఒక్కనాడు మర్చిపోని మనిషి, పాదం దగ్గరికొచ్చేసరికి మర్చిపోయింది. పాదం కుండ కాదుగా మరి, ఎవరికి తడుతుంది?

వెనక నుంచి నూకరత్నం మెల్లిగా, "ఆవం తినేసిందత్తా," అంది.

అచ్చియ్యమ్మ గిరుక్కున తిరిగింది. నూకరత్నం చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. కళ్ళల్లోంచి నవ్వు కారిపోతోంది. ఇప్పుడు కొడుతుందేమో అనుకున్నారు అందరూ. కొట్టలేదు. ముందు ముక్కు ఎగబీల్చింది. ఆ తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత నవ్వింది చూడూ, నడుం పట్టుకుని, గచ్చు మీద చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. పక్కగదిలోంచి వచ్చిన జకరయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నీ కళ్ళు మంచియేనయ్యా. నాదే బుద్ధి ఆరిపోయింది," అంది ఆయనతో. క్షమించమని అడగడం ఆవిడకి అంతకన్నా రాదు.

నవ్వడం అయ్యింది. నొప్పి మాత్రం పోలేదు. పచ్చి అచ్చు గడప దాటకూడదు, కాల్చిన అచ్చు పాదానికి సరిపోదు. పెళ్ళి చూస్తే వచ్చేస్తోంది. జకరయ్యకి ప్లాస్టరు పట్టీలు వచ్చాయి గానీ, అప్పటికి మధ్యాహ్నమైపోయింది. పైగా అచ్చియ్యమ్మ పాదం వాచి ఉంది. వాచిన పాదానికి అచ్చు తీస్తే మళ్ళీ తప్పే అంది డాక్టరమ్మ. పొద్దున్నే, వాపు లేనప్పుడు తియ్యాలంది. ఊరి నుంచి పట్నం వచ్చేసరికే కాలు వాచిపోతుంది మరి.

అప్పుడు నూకరత్నం జకరయ్యని అడిగింది. "బాబాయ్, మట్టి అచ్చులో మీరు చేసేదేంటి?"

"అందులో ప్లాస్టరు పిండి కలిపి పోస్తానమ్మా. గట్టిపడ్డాక తీస్తే పాదం వస్తుంది. ఆ పాదం మీద అట్ట మలుస్తాను."

"అయితే ప్లాస్టరు తీసుకుని మీరే మా ఇంటికి రాకూడదా? పొద్దున్నే తడి అచ్చు తీస్తాం. అందులోనే పొయ్యండి. మట్టి మా ఇంట్లోనే ఉంటుంది, పాదం మీరు పట్టుకెళ్ళొచ్చు."

అచ్చియ్యమ్మ కోడలి వంక చూసింది. "ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఏ పొయ్యిలో దాచావే?" అంది. కసురుతున్నట్టే అంది. కానీ బస్సులో కిటికీ పక్క సీటు కోడలికి వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే జకరయ్య సైకిలెక్కి వచ్చాడు. కుమ్మరింటి లోపలే తడి అచ్చు తీశారు, అందులో ప్లాస్టరు పోశారు. గట్టిపడ్డాక తెల్లటి పాదాలు లేచొచ్చాయి. పేరయ్య కొలతపుల్ల పెట్టి చూసి, "వేలు కూడా తేడా లేదు," అన్నాడు. మిగిలిన మట్టిని మళ్ళీ కుప్పలో కలిపేశారు. కట్టుబాటు కట్టుబాటులాగే ఉంది.

ఈసారి వచ్చిన అట్టలు వేసుకుని అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. అరికాలి కింద ఎవరో అరచెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నట్టుంది. నడిచింది. నొప్పి పోలేదు, కానీ వెనక్కి తగ్గింది, మొరిగే కుక్క ఒకడుగు వెనక్కేసినట్టు. రోజూ తువ్వాలుతో పాదం లాక్కునేది. గోడని తోసేది. "గోడ పడిపోతుందే," అనేవాడు పేరయ్య. "పడితే నువ్వు కట్టు, ఖాళీగానేగా ఉన్నావు," అనేది.

ఇక మట్టి. డాక్టరమ్మ వద్దంది కదా. అరివేణి కుండల మట్టి నూకరత్నమే తొక్కాలి. అచ్చియ్యమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుంది. నోరు మాత్రం కూర్చోలేదు.

"కళ్ళతో వెతుకుతావేంటే? ఆకాశం వంక చూడు. నీ కాలు చూసుకుంటుంది. మడమతో కుమ్మకు, నాలాగ కుంటుతావు. పాదమంతా పరిచి తొక్కు. ఆఁ, అక్కడ! ఏదో తగిలింది, తగల్లేదూ? నీ మొహం చూస్తేనే తెలిసింది. తీసెయ్."

నూకరత్నం బొటనవేలితో తవ్వి తీసింది. ఆవగింజంత రాయి. అచ్చియ్యమ్మ దాన్ని అరచేతిలో వేసుకుని చూసింది. "ఇది నేనైతే వదిలేసేదాన్నేమో," అంది. ఆ మాట పైకి అన్నదో, లోపల అనుకుందో, నూకరత్నానికి మాత్రం వినబడింది.

ఆవం విప్పారు. ఒక్క కుండా నెర్రె ఇవ్వలేదు. అన్నీ ఖంగుమన్నాయి.

పెళ్ళి రోజు రానే వచ్చింది. మేళం కుమ్మరింటి ముందుకొచ్చింది. అచ్చియ్యమ్మ పసుపు చీర కట్టుకుంది, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుంది. దానిమీద కుండ, ఆ కుండ మీద కుండ, ఆ పైన మూకుడు. కాళ్ళకి తోలు జోళ్ళు. మిగతా కుండలు నూకరత్నం ఎత్తుకుని వెనక నడిచింది.

కంకర పరిచిన దారి. మేళం ముందు నడుస్తోంది. ఒక్క కుండా ఊగలేదు. మునసబుగారి వీధి మలుపు తిరిగేసరికి పెళ్ళికూతురి మేనత్త అడ్డొచ్చింది. పట్టుచీర, వడ్డాణం, మొహం నిండా పెత్తనం.

"ఏమ్మోయ్ అచ్చియ్యమ్మా! జోళ్ళేసుకుని అరివేణి కుండలు తెస్తావా? ఇది పెళ్ళనుకున్నావా, సంతనుకున్నావా? విప్పు ముందు!"

మేళం ఆగిపోయింది. ముత్తయిదువలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

అచ్చియ్యమ్మ తల తిప్పలేదు. తిప్పితే కుండలు పడతాయి. ఎదురుగా చూస్తూనే అంది. "అమ్మగారూ, ఈ జోళ్ళ మీద నిలబడింది నా కాలు. ఆ కాలి మీద నిలబడ్డాయి మీ కుండలు. జోళ్ళు విప్పమంటే కుండలు కూడా ఇక్కడే దింపుతాను, మీరెత్తుకుని నడవండి. గుమ్మం ముందు ఎలాగూ విప్పుతాను, నాకా మాత్రం మర్యాద తెలుసు. ఈలోగా నన్ను ఆపకండి, మెడ నొప్పెడుతోంది."

మేనత్త నోరు తెరిచింది. ఏం మాట్లాడేదో తెలియదు, ఎందుకంటే ఈలోపల అరుగు మీదకి పెళ్ళికూతురు వచ్చేసింది. పసుపు బట్టలు, బుగ్గన చుక్క, నుదుట ఇంకా సగం కట్టిన బాసికం. బయటికి రాకూడదని వెనక నుంచి ఎవరో కొంగు లాగుతున్నారు. లాగించుకుంటూనే నిలబడింది.

"రా పాలమ్మా, నీ కోసమే కూర్చోకుండా ఉన్నాను," అంది సుభద్ర.

మేళం దానంతటదే మొదలయ్యింది.

గుమ్మం ముందు అచ్చియ్యమ్మ ఆగింది. జోళ్ళు విప్పాలి. నెత్తిన కుండలు, వంగడం ఎలా? అప్పుడు నూకరత్నం తన కుండలు పక్కనావిడకిచ్చి, మోకాళ్ళ మీద కూర్చుంది. అందరూ చూస్తుండగా అత్త కాలు చేతిలోకి తీసుకుని, ఒక జోడు విప్పింది. రెండోది విప్పింది. పాదాన్ని ఒక్క క్షణం అలా పట్టుకుని, మెల్లిగా గచ్చు మీద దింపింది.

అచ్చియ్యమ్మ లోపలికి అడుగేసింది. నున్నటి గచ్చు, రాయిలాంటి గచ్చు. మడమలో పోటు వచ్చింది. మొహం మీద రానివ్వలేదు. ఇంకో అడుగు. ఇంకో అడుగు. ఈశాన్యం మూల ధాన్యం పోసి ఉంచిన చోటికి వెళ్ళి నిలబడింది. ముత్తయిదువలు కుండలు దించారు. ఒక్కటీ ఒరగలేదు.

సుభద్ర వంగి ఆవిడ పాదాలు పట్టుకుంది. తలెత్తి, ఎవరికీ వినబడకుండా, "నొప్పిగా ఉందా పాలమ్మా?" అని అడిగింది.

"ఉందే. ఉంటే ఏం? నడుస్తోందిగా," అంది అచ్చియ్యమ్మ. "లే, పీటల మీద కూర్చో, పురోహితుడికి ఆకలేస్తోంది."

అదమ్మా సంగతి. ఆ తర్వాత ఆ ఊళ్ళో చాలా పెళ్ళిళ్ళయ్యాయి. అచ్చియ్యమ్మ ముందు, నూకరత్నం వెనక. కొన్నాళ్ళకి నూకరత్నం ముందు, అచ్చియ్యమ్మ పక్కన, సలహాలిస్తూ. ఇప్పుడా కుమ్మరిళ్ళూ లేవు, ఆ కంకర దారీ లేదు. పెళ్ళికుండలు బజార్లో రంగులేసి అమ్ముతున్నారు, ఆటోలో వస్తున్నాయి. ఏం చేస్తాం! కానీ ఆ వీధిలో ఆ రోజు మేళం ఆగి మళ్ళీ మొదలైన చప్పుడు ఉంది చూడు, తలుచుకుంటే ఇంకా చెవిలోనే ఉంటుంది.

ఏదీ, నిద్దరొస్తోందా? ఊఁ కొట్టడం మానేశావే.

కథేమో కాలినడకన కంచికి పోయింది,
నిద్దరేమో పిల్లిలాగ ఇంటికి వచ్చింది.
కంచికి పోయే కథమ్మకి దారివ్వాలి,
ఇంటికొచ్చిన నిద్దరమ్మకి చోటివ్వాలి.
జరుగు, జరుగు!